చాండ్లర్‌లో ఎక్కిన డ్రైవర్ లేని కారు విజయవాడ హైవే మీదకి ఎప్పుడొస్తుంది?

మీ ప్రశ్న ఇది: "మా అబ్బాయి అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాడు. మొన్న వెళ్ళినప్పుడు డ్రైవర్ లేని వేమో కారు ఎక్కించాడు. స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంటే మా ఆవిడ కళ్ళు మూసుకుని దండకం చదువుకుంది, నేను మాత్రం మురిసిపోయాను. మన డ్రైవర్ల కంటే నయంగా నడిపింది. విజయవాడకి ఇది ఎప్పటికి వస్తుంది? వచ్చే నెల అడాస్ (బ్రేకు, స్టీరింగ్‌ల్లో డ్రైవర్‌కి సాయపడే వ్యవస్థ) ఉన్న కారు కొంటున్నాం. నెలకి రెండుసార్లు హైదరాబాద్ వెళ్ళి రావాలి. నాకు 66 ఏళ్ళు. ఆ కారు భరోసాతో డ్రైవర్‌ని మాన్పించొచ్చా?"

చివరి ప్రశ్నకి ముందు జవాబు: మాన్పించకండి. ముఖ్యంగా రాత్రి ప్రయాణాలకి. ఎందుకో కింద చెబుతాను గానీ, దానికంటే ముందు మీరు చాండ్లర్‌లో ఎక్కింది ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. కొనబోయే కారుకీ దానికీ చుట్టరికం ఉంది, కానీ చాలా దూరపు చుట్టరికం.

నా సంగతి రెండు ముక్కల్లో. పన్నెండేళ్ళుగా ఇదే పని. ఆరేళ్ళు అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఒక కంపెనీలో చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటూ ఇక్కడి కార్లకి అడాస్ టెస్టింగ్ చేస్తున్నాను. కెమెరా, రాడార్ ఏం చూశాయి, చూసినదాన్ని ఏమని అనుకున్నాయి, అనుకున్నాక బండి ఏం చేసింది అని రోజంతా వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పి చూడటమే నా ఉద్యోగం.

మీరు మురిసిపోవడంలో తప్పేం లేదు. 2004 మార్చిలో అమెరికా రక్షణ శాఖకి చెందిన డార్పా సంస్థ మొహావే ఎడారిలో ఒక పోటీ పెట్టింది. డ్రైవర్ లేకుండా దాదాపు 230 కిలోమీటర్లు వెళ్ళిన బండికి పది లక్షల డాలర్లు. ఒక్కటీ గమ్యం చేరలేదు. అన్నిటికంటే ముందుకి వెళ్ళిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం బండి 12 కిలోమీటర్లు కూడా దాటకుండా ఒక మలుపు దగ్గర ఇరుక్కుపోయింది. మనుషులు లేరు, ఎదురొచ్చే బండ్లు లేవు, ఖాళీ ఎడారి! మరుసటి ఏడాదే అయిదు బండ్లు మొత్తం దూరం పూర్తి చేశాయి, స్టాన్‌ఫర్డ్ వాళ్ళ 'స్టాన్లీ' మొదటిది. దాన్ని తయారు చేయించిన సెబాస్టియన్ థ్రన్ చేతుల మీదుగానే 2009లో గూగుల్‌లో ఈ ప్రాజెక్టు మొదలైంది, అదే 2016 చివర్లో వేమో అయింది. 2020 అక్టోబర్ నుంచి ఫీనిక్స్ పరిసరాల్లో, అంటే మీ అబ్బాయి వాళ్ళ ఊరి చుట్టుపక్కలే, ముందు సీట్లో ఎవరూ లేకుండా మామూలు జనాన్ని ఎక్కించుకుంటోంది. 2025 ఏప్రిల్ నాటికి అమెరికాలో వారానికి రెండున్నర లక్షల రైడ్లు. కాబట్టి "ఇదంతా ఉత్త ప్రచారం" అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. పని జరిగింది.

కానీ ఆ పని ఎలా జరిగిందో చూడండి. మీరు ఎక్కింది జాగ్వార్ ఐ-పేస్ అయితే దాని ఒంటి మీద 29 కెమెరాలు, 6 రాడార్లు, 5 లైడార్లు ఉంటాయి. లైడార్ అంటే లేజర్ కిరణాలు చల్లి, అవి తగిలి వెనక్కొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలిచే పరికరం. దానికి చీకటైనా ఒకటే, వెలుతురైనా ఒకటే. ఇవన్నీ ఒక ఎత్తు. ఇంకో ఎత్తు, కారు లోపల ముందే దాచిన మ్యాపు. మన ఫోన్లో దారి చూపించే మ్యాపు లాంటిది కాదు. ఫుట్‌పాత్ అంచు ఎంత ఎత్తు, సిగ్నల్ స్తంభం ఎక్కడ, ఏ లైటు ఏ లేన్‌కి, ఆగాల్సిన గీత ఎక్కడ, అన్నీ అందులో ఉంటాయి. ఒక్క మాటలో, ఆ కారుకి చాండ్లర్ కంఠతా వచ్చు. మీరు రోజూ వెళ్ళే వీధిలో గుంట ఎక్కడుందో మీకు చూడకుండానే తెలిసినట్టు. అదే కారుని తీసుకెళ్ళి ఎప్పుడూ చూడని ఊళ్ళో వదిలితే జనాన్ని ఎక్కించుకోదు. కంపెనీయే ఎక్కించనివ్వదు.

మూడోది బయటికి కనిపించదు. ఎక్కడో ఆఫీసులో మనుషులు కూర్చుని ఉంటారు. కారుకి అర్థంకాని పరిస్థితి ఎదురైతే వాళ్ళని అడుగుతుంది: "ఈ లేన్ మూసేశారా? పక్క నుంచి వెళ్ళనా?" వాళ్ళు స్టీరింగ్ తిప్పరు, సలహా ఇస్తారు, నడపడం కారు పనే. ఇవి కాక చార్జింగ్ పెట్టేవాళ్ళు, సెన్సర్లు తుడిచేవాళ్ళు, ఇరుక్కుపోతే వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు. డ్రైవర్ సీటు ఖాళీ అయింది గానీ దాని వెనకాల ఒక డిపో మొత్తం పనిచేస్తోందన్నమాట. మన ఆర్టీసీ బస్సు వెనక ఉన్నట్టే.

భద్రత సంగతి. 2025లో వేమో పరిశోధకులు 5.67 కోట్ల మైళ్ళ ప్రయాణాన్ని అదే ఊళ్ళలో మనుషులు నడిపిన లెక్కలతో పోల్చి చూపించారు. పాదచారులకి దెబ్బలు తగిలే ప్రమాదాలు 92 శాతం తక్కువ, కూడళ్ళలో దెబ్బలు తగిలే ప్రమాదాలు 96 శాతం తక్కువ. కంపెనీ సొంత లెక్కే కదా అని నేనూ మొదట ముక్కు విరిచాను. కానీ పద్ధతి బయటపెట్టారు, నిపుణుల సమీక్ష తర్వాతే పత్రికలో వచ్చింది. చదివాక నాకు తప్పు పట్టడానికి పెద్దగా దొరకలేదు. మద్యం తాగదు, నిద్రపోదు, ఫోన్ చూడదు, కోపం రాదు. సగం ప్రమాదాలు అక్కడే పోతాయి.

అయితే మరణాల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ గట్టిగా చెప్పలేని ఇబ్బంది ఒకటుంది. అమెరికాలో మనుషులు నడిపితే పది కోట్ల మైళ్ళకి సుమారు ఒక మరణం. అంతకంటే నయమని నమ్మకంగా చెప్పాలంటే ఒక్క మరణమూ లేకుండా 27.5 కోట్ల మైళ్ళు తిరగాలని ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2016లోనే లెక్క కట్టింది. వంద కార్లు రాత్రింబవళ్ళు ఆగకుండా తిరిగినా పన్నెండున్నరేళ్ళు పడుతుంది. అందులో మధ్యలో సాఫ్ట్‌వేర్ మార్చారనుకోండి, పాత లెక్క కొత్తదానికి ఎంతవరకు వర్తిస్తుందనేది మళ్ళీ వాదనే.

ఇక ఇవి ఎక్కడ బోల్తాపడతాయో చెబుతాను. నాకు అసలు ఆసక్తి ఇక్కడే. ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టు, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు త్వరగానే వస్తాయి, మిగిలిన ఆ ఒక్క పాలు ఏళ్ళకేళ్ళు తింటుంది.

మీ అబ్బాయి ఉండే చాండ్లర్ పక్క ఊరే టెంపీ. 2018 మార్చి 18 రాత్రి పది గంటల వేళ అక్కడ ఊబర్ వాళ్ళ టెస్ట్ కారు సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న 49 ఏళ్ళ మహిళని గుద్దింది, ఆమె చనిపోయింది. కారుకి కనిపించలేదా అని అందరూ అడుగుతారు. కనిపించింది. అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు ప్రకారం ఢీకొట్టడానికి 5.6 సెకన్ల ముందే చూసింది. ఆ వేగానికి అది వంద మీటర్ల పైమాట, హాయిగా ఆగిపోవచ్చు. కానీ చూసినదాన్ని ఏమనుకోవాలో దానికి తేలలేదు. ఒకసారి వాహనం అనుకుంది, ఒకసారి 'ఇంకేదో' అనుకుంది, ఒకసారి సైకిల్ అనుకుంది. పేరు మార్చిన ప్రతిసారీ అంతకుముందు ఆమె ఎటు కదిలిందన్న లెక్క చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. జీబ్రా క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటుతాడన్న ఆలోచనే ఆ ప్రోగ్రాంలో లేదు! మన దగ్గర క్రాసింగ్ దగ్గర దాటేవాళ్ళు ఎందరు చెప్పండి. ఆ వోల్వో కారుకి కంపెనీ నుంచి వచ్చిన ఆటోమేటిక్ బ్రేకు ఉంది, రెండు సిస్టమ్‌లు కొట్టుకోకుండా దాన్ని ఆపేసి ఉంచారు. సీట్లో కూర్చుని కనిపెట్టుకోవాల్సిన ఆపరేటర్ ఫోన్‌లో షో చూస్తోంది. ఈ ఆపరేటర్ సంగతి గుర్తుపెట్టుకోండి, మీ కారు దగ్గర మళ్ళీ దీనికే వస్తాను.

రెండోది వింటే నవ్వొస్తుంది గానీ నాకు నిద్ర పట్టనివ్వని రకం. 2023 డిసెంబర్‌లో ఫీనిక్స్‌లో ఒక పికప్ ట్రక్కుని వెనక్కి తిప్పి టో ట్రక్కుతో లాక్కెళ్తున్నారు. సరిగా కట్టకపోవడంతో అది ఏటవాలుగా రెండు లేన్ల మీద ఊగుతూ పోతోంది. వేమో కారు దాని మూతి ఎటుందో చూసి అటు వెళ్తుందనుకుంది, అది వెళ్తున్నది ఇటు. గుద్దింది. కొన్ని నిమిషాల తర్వాత ఇంకో వేమో కారు వచ్చి అదే పికప్‌ని అలాగే గుద్దింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. 444 కార్ల సాఫ్ట్‌వేర్ మార్చారు. ఒక మనిషి డ్రైవర్ తప్పు చేస్తే ఆ తప్పు అతనిది. ఇక్కడ అన్ని కార్లకీ ఒకటే బుర్ర. నేర్చుకుంటే అన్నీ ఒకేసారి నేర్చుకుంటాయి, పొరబడితే అన్నీ ఒకేలా పొరబడతాయి. 2025 డిసెంబర్ 20న శాన్‌ఫ్రాన్సిస్కోలో సబ్‌స్టేషన్ కాలిపోయి కరెంటు పోయినప్పుడు జరిగింది కూడా ఇలాంటిదే. సిగ్నళ్ళు ఆరిపోతే ఏం చేయాలో కార్లకి తెలుసు, కానీ "నిజంగానే ఆరిపోయిందా?" అని చాలా కార్లు ఒకేసారి ఆఫీసుని అడగడం మొదలుపెట్టాయి. అక్కడ జవాబు చెప్పేవాళ్ళు చాలలేదు, కూడళ్ళలో కార్లు నిలబడిపోయాయి. కరెంటు పోతే మన బెంజి సర్కిల్‌లో జనం సర్దుకుని ఎలా వెళ్తారో మీకు తెలుసు కదా. గజిబిజే గానీ కదులుతుంది.

జనరల్ మోటార్స్ వాళ్ళ డ్రైవర్ లేని ట్యాక్సీ కంపెనీ క్రూజ్ కథ ఇంకా చేదుది. 2023 అక్టోబర్ 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో మనిషి నడుపుతున్న వేరే కారు ఒకామెని గుద్దితే ఆమె ఎగిరి క్రూజ్ కారు ముందు పడింది. అది వెంటనే బ్రేకు వేసింది, ఆమెని తాకి ఆగింది కూడా. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "ప్రమాదం జరిగింది కాబట్టి రోడ్డు పక్కకి వెళ్ళి ఆగాలి" అన్న నియమం ప్రకారం మళ్ళీ కదిలి, కింద ఉన్న మనిషిని ఆరు మీటర్ల దాకా ఈడ్చుకెళ్ళింది. ఆమె బతికింది. ఆ ఈడ్చిన సంగతిని కంపెనీ అధికారులకి సరిగా చెప్పలేదన్నది మరో గొడవ. కాలిఫోర్నియాలో పర్మిట్ పోయింది, 2024 డిసెంబర్‌లో జనరల్ మోటార్స్ ఆ రోబోట్యాక్సీకి డబ్బు పెట్టడమే మానేసింది. వెయ్యి కోట్ల డాలర్లకు పైగా పెట్టాక!

ఈ మూడింటిలోనూ కన్ను పనిచేసింది. తప్పింది "ఇది ఏమిటి, ఇప్పుడేం చేస్తుంది" అన్న ఊహ. మన రోడ్ల సమస్య సరిగ్గా అదే కాబట్టి ఇక్కడికి వస్తాను.

"గుంటలు, గీతలు లేని రోడ్లు, అందుకే మన దగ్గర రావు" అని అందరూ అంటారు. నా అనుభవంలో అది సగం నిజమే. గుంటలు కనిపెట్టడం అంత కష్టం కాదు. 2018లో మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్ళు ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అని ఒకటి విడుదల చేశారు. భారతీయ రోడ్ల మీద 182 ప్రయాణాల నుంచి తీసిన పదివేల ఫోటోలు, ప్రతి ఫోటోలో ఏ భాగం ఏమిటో 34 రకాలుగా గుర్తించి. అంతకుముందు అందరూ వాడిన సిటీస్కేప్స్ అనే జర్మన్ ఫోటోల్లో ఆటో అనే వర్గమే లేదు. వీళ్ళ దాంట్లో ఆటో ఉంది, పశువులు ఉన్నాయి, రోడ్డు పక్కన 'రోడ్డు కాదు గానీ బండి దిగితే వెళ్ళొచ్చు' అనే మట్టి భాగానికి కూడా విడిగా ఒక పేరు పెట్టారు. నాకు ఆ పేరు ఎంత నచ్చిందో. జర్మనీలో ఎవరికీ అది అవసరం పడదు.

మా టీమ్‌లో ఇలాంటి పేర్ల మీదే గంటలు గంటలు వాదనలు జరిగాయి. బైకు మీద ప్లాస్టిక్ బిందెలు కొండలా కట్టుకుని వెళ్ళే వ్యాపారి: బైకా, లోడు బండా? పచ్చగడ్డి మోపు కట్టిన టీవీఎస్ వెనక నుంచి చూస్తే నడిచే పొద. చౌటుప్పల్ దాటాక ఒకసారి మా టెస్ట్ కారు దాన్ని 'చెట్టు' అనుకుని, చెట్టు కదలదు కాబట్టి దాని వేగం సున్నా అని తేల్చింది. సర్వీస్ రోడ్డు మీద సగానికి ఆరబోసిన వడ్లు: రోడ్డా కాదా? వెళ్ళొచ్చు, కానీ వెళ్తే రైతు ఊరుకోడు. దాన్ని మీరు నేను చూడగానే తప్పించి పోతాం, మిషన్‌కి అది కాస్త పసుపు రంగున్న నున్నటి రోడ్డు.

ఇవి కూడా ఎక్కువ ఫోటోలు చూపిస్తే నేర్చుకుంటుంది. అసలు కష్టం సైగలు. లారీ రోడ్డు మీద చెడిపోతే క్లీనర్ ఏం చేస్తాడు? వెనకాల నాలుగు రాళ్ళు పెట్టి ఒక చెట్టు కొమ్మ నిలబెడతాడు. ఆ కొమ్మ చూడగానే "ముందు బండి ఆగి ఉంది" అని మనకి అర్థమవుతుంది. కొమ్మ అనేది ఒక బోర్డు! ఏ రవాణా చట్టంలోనూ లేని బోర్డు. ఎదురుగా వచ్చే లారీ డిప్పర్ కొడితే అర్థం ఏమిటి? అమెరికాలో చాలాసార్లు "మీరు వెళ్ళండి" అని, ఇక్కడ "నేను ఆగను, నువ్వే ఆగు" అని. ఆటోవాడు చెయ్యి బయటపెట్టి కిందికి ఊపితే ఒకటి, వేళ్ళు ముందుకి విదిలిస్తే ఇంకొకటి. ముసలమ్మ రోడ్డు దాటుతూ మీ వైపు చూడకుండా చెయ్యి చాపిందంటే ఆగదు, మీరే ఆగాలి. కుర్రాడు మీ కళ్ళలోకి చూశాడంటే అతనే ఆగుతాడు. డ్రైవర్ సీట్లో మనిషే లేకపోతే ఆ కుర్రాడు ఎవరి కళ్ళలోకి చూడాలి?

ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని నేను బే ఏరియాలో ఉన్నప్పుడు ఊహించలేదు. మిషన్ ఎప్పుడూ మర్యాదగా ఆగుతుందని తెలిస్తే జనం ఏం చేస్తారు? శాన్‌ఫ్రాన్సిస్కోలోనే మనుషులు దాని ముందు నుంచి తాపీగా నడిచిపోతారు. పంజాగుట్టలో సాయంత్రం ఆరింటికి అలాంటి కారుని వదిలితే అర్ధరాత్రి దాకా అక్కడే ఉంటుంది. ఇక్కడ రోడ్డు మీద కదలాలంటే కొంచెం మూతి ముందుకి పెట్టాలి, అవతలివాడు ఆగుతాడో లేదో చూసి మళ్ళీ కొంచెం పెట్టాలి. ఆ బేరం మనిషికి మనిషికి మధ్య జరుగుతుంది. ఎంత దాకా మూతి పెట్టొచ్చని ప్రోగ్రాంలో రాసే ఇంజినీరు, ఎవరికైనా తగిలితే కోర్టులో ఏం చెప్పాలి?

అందుకని విజయవాడ ఎప్పుడు అంటే తేదీ చెప్పను. తేదీలు చెప్పినవాళ్ళ గతి చూశాం. టెస్లా అధినేత ఎలాన్ మస్క్ 2016లో, వచ్చే ఏడాది చివరికల్లా లాస్‌ఏంజెలెస్ నుంచి న్యూయార్క్‌కి కారు తనంతట తనే వెళ్తుందన్నారు. 2019లో, మరుసటి ఏడాదికి పది లక్షల రోబోట్యాక్సీలు అన్నారు. టెస్లా ట్యాక్సీ సేవ నిజంగా మొదలైంది 2025 జూన్‌లో, ఆస్టిన్‌లో, కొన్ని కార్లతో, పక్క సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి.

మన ప్రభుత్వం మాటా వినండి. 2023 డిసెంబర్‌లో నితిన్ గడ్కరీ గారు, డ్రైవర్ లేని కార్లని దేశంలోకి రానివ్వనని, 70-80 లక్షల మంది డ్రైవర్ల పని పోతుందని అన్నారు. చాలామంది దీన్ని చాదస్తం అన్నారు. నేను అనను, కానీ నిషేధం అవసరమే లేదంటాను. అమెరికాలో ట్యాక్సీ ఖర్చులో పెద్ద భాగం డ్రైవర్ జీతం, అతన్ని తీసేస్తే లాభం. ఇక్కడ నెలకి ఇరవై వేలకి, ఏ సెన్సరూ లేకుండా ఆ చెట్టు కొమ్మ అర్థం తెలిసిన మనిషి దొరుకుతాడు. అతని బదులు డాలర్లలో కొన్న కంప్యూటరు, సెన్సర్లు, మ్యాపులు, కాల్ సెంటరు పెట్టి ఎవరు నష్టపోతారు? లైడార్ ధర పడిపోయిన మాట నిజమే. ఒకప్పుడు కారు నెత్తిన తిరిగే పెద్ద లైడార్ ఒక్కటే 75 వేల డాలర్లు, ఇప్పుడు చైనావి వందల్లోనే వస్తున్నాయి. అయినా లెక్క కుదరదు, ఇప్పటికైతే.

కుదిరే చోట్లు వేరే ఉన్నాయి, అవి ఎవరికీ వార్తలుగా అనిపించవు. ఆస్ట్రేలియాలోని పిల్‌బరా ఇనుప గనుల్లో పెద్ద పెద్ద లారీలు డ్రైవర్ లేకుండా 2008 నుంచీ నడుస్తున్నాయి. అక్కడ దారిన పోయే దానయ్య ఉండడు, ఉన్న ప్రతి బండీ ఎక్కడుందో కంట్రోల్ రూంకి తెలుసు. మన సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, విశాఖ పోర్టు యార్డు లాంటి చోట నేను దీన్ని రేపే చూడగలను. మీరు హైదరాబాద్ మెట్రో ఎక్కినా స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య రైలుని నడిపేది కంప్యూటరే, ముందున్న ఆపరేటర్ తలుపులు, బయల్దేరడం చూసుకుంటారు. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో 'టిహాన్' అని 130 కోట్ల రూపాయల ప్రాజెక్టు ఉంది, 2022లో టెస్ట్ ట్రాక్ ప్రారంభించారు, క్యాంపస్‌లో డ్రైవర్ లేని చిన్న బస్సు నడుపుతున్నారు. మీ మనవళ్ళు ఇంజినీరింగ్ వైపు వస్తే ఒకసారి తీసుకెళ్ళి చూపించండి. గోడ లోపల ముందు వస్తుంది, గోడ బయటికి తర్వాత. నేను పందెం కాసేది దీని మీదే.

ఇప్పుడు మీ కారు.

ఈ రంగంలో 0 నుంచి 5 దాకా మెట్లు లెక్కపెడతారు. మీరు చాండ్లర్‌లో ఎక్కింది 4, కొనబోయేది 2. రెండు మెట్ల తేడాలా కనిపిస్తుంది గానీ, అక్కడ ఏం జరిగినా బాధ్యత కంపెనీది, ఇక్కడ ఏం జరిగినా మీది. షోరూంలో "దానంతటదే నడుస్తుంది సార్" అంటారు. కారుతో ఇచ్చే పుస్తకంలో మాత్రం "ఎల్లవేళలా డ్రైవర్‌దే బాధ్యత" అని ఉంటుంది. పుస్తకాన్నే నమ్మండి.

నిజం చెప్పాలంటే నాకు అన్నిటికంటే భయం ఈ మధ్య మెట్టే. బొత్తిగా నడపలేని కారుతో ప్రమాదం లేదు, మీరే నడుపుతారు. అన్నీ తనే నడిపే కారుతో మీకు పనే లేదు. ఇది వందసార్లు సరిగ్గా నడిపి నూట ఒకటోసారి మీ మీద పడేస్తుంది, ఆ వందసార్లలో మీరు చూడటం మానేసి ఉంటారు. టెంపీలో ఫోన్ చూసిన ఆపరేటర్ కావాలని నిర్లక్ష్యం చేసే రాక్షసి కాదండీ, జీతం తీసుకుని చూడాల్సిన మనిషే అలా అయింది. ఏ పనీ లేకుండా గంటసేపు రోడ్డునే చూస్తూ కూర్చోవడం మనిషి మెదడుకి చేతకాదు. నేనే ఒకసారి టెస్ట్ డ్రైవ్‌లో నకిరేకల్ దాటాక ఎన్ని కిలోమీటర్లు వచ్చామో గుర్తులేక ఉలిక్కిపడ్డాను. అప్పటి నుంచి మా టీమ్‌లో గంటన్నరకి డ్రైవర్‌ని మార్చే నియమం పెట్టాం.

ఫీచర్లు ఒక్కొక్కటీ చెబుతాను. ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకు: ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. అప్పుడప్పుడు అనవసరంగా ఝలక్ ఇస్తుంది, మీ వెనకే లారీ అంటుకుని వస్తుంటే ఆ ఝలక్ టెన్షన్ పెడుతుంది కూడా, అయినా ఉంచండి. దాని వల్ల తప్పినవి నేను కళ్ళారా చూశాను. ముందు బండికి దూరం పాటిస్తూ వెళ్ళే అడాప్టివ్ క్రూజ్: ఔటర్ రింగ్ రోడ్డు మీద బంగారం. 158 కిలోమీటర్లు, బైకులు ఉండవు, యూటర్న్‌లు ఉండవు. విజయవాడ హైవే మీద పగలు, ట్రాఫిక్ పల్చగా ఉన్నప్పుడు వాడుకోవచ్చు. ట్రాఫిక్ ఎక్కువైతే ఆపేయండి. అది ముందు వదిలే ఖాళీలోకి ఎవరో ఒకరు దూరతారు, అది మళ్ళీ వెనక్కి తగ్గి ఖాళీ వదులుతుంది, దాంట్లోకి ఇంకొకరు. అలా మీరు సూర్యాపేట చేరేది ఉండదు. లేన్ పట్టుకుని స్టీరింగ్ తిప్పేది: గీతలు స్పష్టంగా ఉంటేనే. రోడ్డు పనులు జరిగే చోట పాత గీతా కొత్త గీతా రెండూ ఉంటాయి, అది పాత గీతనే పట్టుకోవచ్చు. అలాంటి చోట మీరు ఒకవైపు తిప్పుతుంటే అది ఇంకోవైపు లాగుతుంది. ఆపేయడమే మేలు.

ఇక రాత్రి ఎందుకు వద్దన్నానో. మన హైవేల మీద రాత్రిపూట ప్రాణాలు తీసేవాటిలో ఆగి ఉన్న లారీ ఒకటి. వెనక లైట్లు ఉండవు, రిఫ్లెక్టర్ స్టిక్కర్ల మీద బురద. చాలా కార్లలో ముందుండే రాడార్ కదిలే వాటిని బాగా పట్టుకుంటుంది, కదలని వాటిని చాలావరకు పక్కనబెడుతుంది. అది లోపం అనుకోకండి, కావాలనే అలా చేశారు. లేకపోతే రోడ్డు పక్క ప్రతి బోర్డుకీ, ప్రతి వంతెనకీ, ప్రతి మ్యాన్‌హోల్ మూతకీ బ్రేకు వేస్తూ పోతుంది. కెమెరా కూడా కలిసి ఉంటే కొంత నయం, కానీ లైట్లు లేని లారీ వెనకభాగం చీకట్లో కెమెరాకీ చీకటే. మీ కారు పుస్తకంలో అడాప్టివ్ క్రూజ్ పేజీ తీసి "ఆగి ఉన్న వాహనాలు" అన్న మాట వెతకండి. ఎక్కువ కంపెనీలు అక్కడ, గుర్తించకపోవచ్చని రాసే ఉంటాయి. ఆ పేరా చదవకుండా డెలివరీ తీసుకోవద్దు.

66 ఏళ్ళకి రాత్రి చూపు, ఎదురుగా వచ్చే హై బీమ్ తర్వాత కళ్ళు మళ్ళీ సర్దుకునే సమయం, ఇవి మీకే తెలియాలి. పగలు మీరు నడపండి, అడాస్ మీకు రెండో జత కళ్ళుగా ఉంటుంది. రాత్రి డ్రైవర్ ఉండనివ్వండి. డెలివరీ రోజు అతన్ని కూడా షోరూంకి తీసుకెళ్ళి, ఏ బీప్ దేనికో, స్టీరింగ్ ఎప్పుడు లాగుతుందో, దాన్ని ఒక్క బటన్‌తో ఎలా ఆపాలో అతని చేతే నొక్కించి చూపించమనండి. నేను చూసిన కార్లలో సగం, డ్రైవర్‌కి ఎవరూ చెప్పక, మొదటివారమే విసుగొచ్చి అన్నీ ఆఫ్ చేసి పెట్టినవే. అందులో ఆ ఎమర్జెన్సీ బ్రేకు కూడా.